తిఫ్రాలో రెండు క్యాంపర్ వ్యాన్లు

దేన్నయినా కొనే ముందు దాని కిందికి దూరి చూడటం నా అలవాటు. ముప్పై నాలుగేళ్లు రైలింజన్ నడిపాను. డ్యూటీ ఎక్కే ముందు ఇంజన్ చుట్టూ ఒకసారి తిరిగి, వంగి కింద చూసి, బ్రేకు పట్టుకుంటుందో లేదో పరీక్షించి, ఆ తరువాతే సీట్లో కూర్చునేవాణ్ని. రిటైరై మూడేళ్లయినా ఆ చాదస్తం వదల్లేదు. అందుకే ఆ ఉదయం మా ఊరి అంచున ఉన్న తిఫ్రాలో, లారీలకు బాడీలు కట్టే ఒక షెడ్డులో, అరవై మూడేళ్ల వయసులో, టార్చిలైటు పట్టుకుని ఒక క్యాంపర్ వ్యాను కింద వెల్లకిలా పడుకుని ఉన్నాను.

నా భార్య బండి కింద చూడలేదు, ఇంజన్ చూడలేదు, పడక మెత్తగా ఉందో లేదో నొక్కి కూడా చూడలేదు. షెడ్డులో రెండు వ్యాన్లున్నాయి, ఒకటి పాతది, ఒకటి కొత్తగా తయారైంది. రెండింటిలోనూ ఆమె బాత్రూమ్ ఒక్కటే చూసింది. పాతదాని తలుపు తీసింది, వేసింది, మళ్లీ తీసింది. నేను కింద నుంచి ఆమె పాదాలు అటూ ఇటూ కదలడం చూస్తూ, ఈ మనిషికి ఇంకేమీ పట్టదా అని విసుక్కున్నాను. అలా విసుక్కునే హక్కు నాకు లేదు. ఎందుకు లేదో ముందు చెప్పాలి.

రెండున్నరేళ్ల కిందట ఆమెకు గర్భసంచి తీసేసిన ఆపరేషన్ జరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది గానీ, ఆ తరువాత మూత్రం ఆపుకోవడం ఆమె చేతిలో లేకుండా పోయింది. వచ్చిందంటే ఒక నిమిషం, మహా అయితే ఒకటిన్నర. మందులు వాడింది, డాక్టరు చెప్పిన వ్యాయామాలు చేసింది, ప్యాడ్లు పెట్టుకుంటే ఒళ్లు పొక్కింది. మొదట్లో ఇవేవీ నాకు చెప్పలేదు. చెప్పుకునేలా నేను ఉంటే కదా. మా రోజుల్లో ఇంజన్లో బాత్రూమ్ ఉండేది కాదు. కోర్బా వైపు నుంచి బొగ్గు బండి తీసుకుని బయలుదేరితే పది గంటలు, ఒక్కోసారి పన్నెండు గంటలు బిగబట్టుకుని కూర్చునేవాళ్లం. డ్యూటీ దిగిన డ్రైవర్లు పడుకునే రన్నింగ్ రూములో పక్కపక్క మంచాల మీద పడుకుని, ఎవరు ఎంతసేపు ఆపుకున్నారో గొప్పలు చెప్పుకునేవాళ్లం కూడా. ఇంట్లో ఆమె చేతిలో పని వదిలేసి పరుగెత్తడం చూసి, "మనసు గట్టి చేసుకుంటే అదే ఆగుతాది" అని నేను పాఠాలు చెప్పాను.

ఆ పాఠాల ఫలితం విశాఖ వెళ్లే రైల్లో చూశాం. బొబ్బిలిలో ఉన్న ఆమె చెల్లెలి కూతురి పెళ్లికి బయలుదేరాం. పెట్టెకి నాలుగు బాత్రూములు. పొద్దున్నే నాలుగూ మూసి ఉన్నాయి, వాటి ముందు జనం బ్రష్షులు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను "కాస్త ఓర్చుకోలేవా?" అని మెల్లగా గదిమాను. ఆ నడవాలో, అందరి మధ్యా, ఆమె చీర తడిసిపోయింది. ఒక పాప ఏదో అడగబోతే వాళ్లమ్మ గబుక్కున దాని నోరు మూసింది. పెళ్లింట్లో రెండు రోజులూ ఆమె ఒక గదిలోంచి బయటికి రాలేదు. తలనొప్పి అని నేనే అందరికీ చెప్పుకొచ్చాను.

అప్పటి నుంచి ఆమె ఇల్లు కదల్లేదు. ఇంటి దగ్గరి బుధవారీ బజారుకు కూడా రాలేదు. అంతటితో పోతే బాగుండేది. నీళ్లు తాగడం మానేసింది. మొన్న ఎండాకాలంలో మూత్రానికి ఇన్ఫెక్షన్ సోకి, చలిజ్వరం వచ్చి ఆరు రోజులు ఆసుపత్రిలో పడింది. డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచి, "ఈవిడ నీళ్లు తాగకపోతే ఈసారి కిడ్నీలే పోతాయి. ఎందుకు తాగడం లేదో ఇంట్లో వాళ్లు మీరు కనుక్కోండి" అంది. కనుక్కునేది ఏముంది, నాకు తెలుసు. పరీక్ష తప్పిన పిల్లాడిలా తల దించుకుని నిలబడ్డాను.

క్యాంపర్ వ్యాను ఆలోచన అలా వచ్చింది. ఇంటి లాంటి బండి, లోపలే పడక, పొయ్యి, సొంత బాత్రూమ్. బాత్రూమ్ ఆమెతో పాటే వస్తే ఆమె భయపడకుండా నీళ్లు తాగుతుంది, బయటికి వస్తుంది, బొబ్బిలి వెళ్లి చెల్లెల్ని చూస్తుంది. చెబితే మొదట నమ్మలేదు. "నన్ను ఆట పట్టించడం నేదు కదా?" అని రెండు సార్లు అడిగింది. ఒప్పుకోవడానికి నెల పట్టింది. అందుకని, తిఫ్రాలో నేను తూకం వేస్తున్నది బండిని కాదు. అది సరైన బండి కాకపోతే ఆమె ఇంక ఎప్పటికీ గడప దాటదని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

షెడ్డు యజమాని లారీలకు బాడీలు కట్టీ కట్టీ, కొన్నాళ్ల కిందట ఈ వ్యాన్లలోకి దిగిన మనిషి. గడగడా హిందీలో, మధ్యమధ్య ఛత్తీస్‌గఢీలో మాట్లాడతాడు. పాత నమూనావి చాలా కట్టాడట. అందులో ఒకటి, వాడుకున్నవాళ్లు తిరిగి ఇచ్చేస్తే, అమ్మకానికి పెట్టాడు. కొత్త నమూనా అతని సొంత బుర్రలోంచి పుట్టింది, అదే మొదటి బండి. దాన్ని చూపించేటప్పుడు మాట మాటకీ దాని ఒంటి మీద చెయ్యి వేసి నిమురుతున్నాడు.

పాతదాని కప్పు ఎత్తుగా, కదలకుండా ఉంటుంది. లోపల నేను నిటారుగా నిలబడగలను. వెనక మూల గోడలతో, తలుపుతో, గొళ్లెంతో అసలు సిసలు బాత్రూమ్. పట్టుకోవడానికి గోడకు ఇనుప కడ్డీ. బండి నడుస్తుండగానే లేచి వెళ్లి రావచ్చు. కానీ బరువు. నీళ్ల ట్యాంకు నెత్తి మీద ఉండటం వల్ల మలుపు తిరిగితే ఒక పక్కకు ఒరుగుతుంది. బ్రేకు వేస్తే వెంటనే ఆగదు, కాసేపు జారి ఆగుతుంది. అడుగున రెండు చోట్ల తుప్పు కూడా కనిపించింది.

కొత్తది పొట్టిగా, బిగువుగా ఉంది. ట్యాంకు అడుగున, బరువంతా కిందనే. చక్రాలు నాలుగూ నేలను కరుచుకుని నడుస్తాయి. వంట సామానంతా వెనక తలుపు తెరిచి సొరుగులా బయటికి లాగుకోవచ్చు. కప్పు మీద సోలార్ పలకలు. ఒకటే చిక్కు. నడిచేటప్పుడు కప్పు కిందికి దిగి ఉంటుంది, లోపల వంగి కూర్చోవలసిందే. కమోడు సీటు కింద పెట్టెలో ఉంటుంది. బండి ఆపి, ఇంజన్ కట్టేసి, హ్యాండ్‌బ్రేకు వేసి మీట నొక్కితేనే కప్పు మోటారు మీద లేస్తుంది. కప్పు లేస్తేనే చుట్టూ మందపాటి తెర దిగుతుంది, పెట్టె బయటికి వస్తుంది. బండి కదులుతుండగా ఎవరూ లోపల లేచి నిలబడి తల పగలగొట్టుకోకూడదని అతను కావాలనే అలా తాళం పెట్టాడు.

"నడుస్తుండగా అవసరం పడితే?" అని అడిగాను.

"ఆపండి సాబ్," అన్నాడు. "రోడ్డు మీద బండి ఆపడానికి ఏముంది? ఇదేమైనా రైలా?"

ఆ మాట నాకు నచ్చలేదు. నా ముఖంలో అది కనిపించి ఉంటుంది, అతను "మజాక్ చేశాను సాబ్" అని నవ్వేశాడు.

ముందు పాతది తోలి చూశాం. యజమాని నా పక్కన కూర్చున్నాడు, నా భార్య వెనక సీట్లో. బైపాస్ ఎక్కి మస్తూరీ అనే ఊరికి పోయే రోడ్డు పట్టాం. వానాకాలం కదా, పొలాల్లో బురద ఉంటే పశువులన్నీ తారు రోడ్డు మీదికొచ్చి పడుకుంటాయి. దూరంగా ఒక మంద కనిపిస్తూనే ఉంది. ఆ సమయంలోనే వెనక బాత్రూమ్ తలుపు గొళ్లెం పడిన చప్పుడైంది. ఆమె లోపలికి వెళ్లింది.

బ్రేకు గట్టిగా వేస్తే ఆమె పడిపోతుంది, వేయకపోతే మందలోకి దూరిపోతాను. రైలు డ్రైవరుకు ఇలాంటప్పుడు వచ్చిన విద్య ఒక్కటే, హారన్ కొట్టడం. కొడుతూనే ఉన్నాను. పట్టాలే తిప్పుకుంటాయి గనుక జీవితమంతా చక్రం తిప్పే పని నాకు పడలేదు. కారు కొని మూడేళ్లయినా కంగారులో చేతులకు ఆ సంగతి గుర్తు రాదు. "సాబ్, తిప్పండి! స్టీరింగ్ తిప్పండి!" అని యజమాని అరిచి, తనే చెయ్యి వేసి చక్రం కుడికి లాగాడు. బండి ఒరిగింది. వెనక ఏదో ధభాలున గోడకు కొట్టుకుంది. ఒక ఎద్దు కొమ్ము అద్దం పక్కనుంచి వెళ్లిపోయింది.

ఆమె బయటికి వచ్చినప్పుడు మోచెయ్యి పట్టుకుని ఉంది. చర్మం గీరుకుపోయి ఎర్రగా ఉంది. నేను "ఏటైంది?" అని కంగారుగా అడిగితే, "ఏటీ నేదు. పనైపోనాది" అంది. మోచేతి దెబ్బ సంగతి పక్కన పెట్టి, పని అయింది కదా అనే చూశాను. మనసులో పాతదానికే మార్కులు వేసేశాను.

యజమాని మాత్రం వదల్లేదు. "కొత్తది తోలకుండా నిర్ణయించకండి సాబ్. రేపు మీరిద్దరే తీసుకెళ్లండి, నేను రాను. భాభీజీ నిమ్మళంగా చూసుకుంటారు" అన్నాడు. నా భార్య వెంటనే సరే అంది. అంత వెంటనే ఆమె దేనికైనా సరే అనడం విని నెలలైంది.

మర్నాడు ఆమె మంచి చీర కట్టుకుంది, లేత ఆకుపచ్చది. నిజంగా ప్రయాణానికి వెళ్తున్నట్టే తయారైంది. బండిలో నా పక్క సీట్లో కూర్చుని, బైపాస్ మీదికి రాగానే లీటరు సీసా తీసి గటగటా తాగింది. నేను పక్కకు చూసేసరికి సీసా ఖాళీ. "చూసినారా, మొత్తం తాగీసాను" అంది. గొంతులో గర్వం. ఆ ఒక్క సీసా నాకు ఎంత సంతోషం కలిగించిందో చెప్పలేను. కొత్త బండి కూడా చెప్పిన మాట వింటోంది, చేతికి తేలికగా ఉంది. వాన సన్నగా పడుతోంది. ఇద్దరం బొబ్బిలి దారి గురించి మాట్లాడుకున్నాం, రాయగడ మీదుగా వెళ్తే ఘాట్ రోడ్డు ఎలా ఉంటుందని.

మస్తూరీ ఇంకా రాలేదు. ఆమె మాట మధ్యలో ఆపేసి, సీటు అంచుకు జరిగింది.

"ఏటండీ, ఆపీండి."

"ఆఁ, ఆపుతాను," అన్నాను. అద్దంలో చూశాను. వెనక బొగ్గు లారీ ఒకటి అంటుకునే వస్తోంది, దాని వెనక ఇంకొకటి. రోడ్డు అంచున ఎర్ర బురద. "ముందు పెట్రోలు బంకు ఉన్నాది. అక్కడ ఆపుతాను."

"బేగి ఆపీండి."

"రెండు నిమిషాలు."

"రెండు నిమిషాలు నేను ఉండనేను. మీకు తెల్దా?"

తెలుసు. ఒక నిమిషం, మహా అయితే ఒకటిన్నర. నాకంటే బాగా ఇంకెవరికి తెలుసు. అయినా నా కాలు బ్రేకు మీదికి పోలేదు. ఎందుకు పోలేదో ఆ తరువాత చాలా రోజులు ఆలోచించాను. రైలు డ్రైవర్లకు ఒక నియమం ఒంట్లో ఇంకిపోయి ఉంటుంది. రెండు స్టేషన్ల మధ్య బండి ఆపకూడదు. ఎర్ర సిగ్నల్ ఉండాలి, పట్టాల మీద ప్రమాదం ఉండాలి, లేదా ఇంజన్ చెడిపోవాలి. ఉత్తినే ఆపితే వెనక వచ్చే బండ్లన్నీ ఆగుతాయి, కంట్రోల్ ఆఫీసు నుంచి ఫోను వస్తుంది, ఎన్ని నిమిషాలు ఆగావు, ఎందుకు ఆగావు అని కాగితం మీద సంజాయిషీ రాసుకోవాలి. నాకు మూత్రం వచ్చింది, అందుకని ఆపాను అని ఏ డ్రైవరూ రాసి ఎరగడు. నేనూ రాయలేదు. ముప్పై నాలుగేళ్లు స్టేషన్ వచ్చేదాకా తీసుకుపోయాను. పెట్రోలు బంకు నాకు స్టేషన్. దాని ముందు ఉన్నదంతా మధ్య దారి.

"ఇక్కడ ఎలా ఆపుతానే, మధ్యలో?" అన్నాను. గట్టిగానే అన్నాను.

ఎడమ పక్క మూసేసిన రైసు మిల్లు వచ్చింది. దాని ముందు నాలుగు లారీలు పట్టేంత ఖాళీ జాగా, సిమెంటు నేల. నేను దాన్ని చూశాను. చూస్తూనే దాటేశాను. ఆమె కూడా చూసింది. అప్పటిదాకా "ఆపీండి, ఆపీండి" అంటున్న మనిషి ఆ మిల్లు వెనక్కి పోగానే నోరు మూసుకుంది.

పెట్రోలు బంకులో బండిని గీతకు సమానంగా పెట్టాను. ఇంజన్ కట్టేశాను, హ్యాండ్‌బ్రేకు లాగాను, మీట నొక్కాను. మోటారు గుర్రుమంటూ కప్పును మెల్లగా, మర్యాదగా పైకి లేపింది. తెర చక్కగా దిగింది. ఏ లోపమూ లేదు. ఆమె కదల్లేదు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తోంది. లేత ఆకుపచ్చ చీర తొడల మీద ముదురు రంగులోకి మారింది.

"ఇంక వద్దులెండి," అంది.

నేను దిగి అటు పక్క తలుపు తీశాను. తువ్వాలు ఇవ్వబోయాను. "మీరు ముట్టుకోకండి" అంది. నా మీద కోపంతో కాదు, ఎవరో పరాయి మనిషికి చెప్పినట్టు చెప్పింది. బంకు వెనక బాత్రూములో చీర పిండుకుని వచ్చింది. కుళాయి దగ్గర బకెట్టు పట్టుకుని, వంగి, సీటు తనే కడిగింది. మూడు సార్లు కడిగింది. పెట్రోలు కొట్టే కుర్రాళ్లు చూస్తున్నారు. నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను. అంతకంటే ఏం చెయ్యాలో తెలియలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

షెడ్డుకు తిరిగి వచ్చాక యజమాని తడి సీటు చూసి నా వైపు చూశాడు. "నీళ్ల సీసా ఒలికింది" అన్నాను. "అచ్ఛా, అచ్ఛా, ఏం పరవాలేదు సాబ్" అన్నాడు. ఆమె అప్పటికే మా కారులో కూర్చుని ఉంది.

ఆ తరువాత నాలుగు రోజులు మా ఇంట్లో పెద్దగా మాటలు లేవు. వండేది, పెట్టేది, అడిగితే జవాబిచ్చేది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నేను బతికిపోదును. నేను గమనించింది ఏమిటంటే, ఆమె గ్లాసు ఎప్పుడూ బోర్లించే ఉంటోంది. టీ పెట్టి నాకిచ్చి, తను మానేసింది. అన్నంలో మజ్జిగ కూడా వద్దంది. మూడో రోజు పెదాలు ఎండిపోయి తెల్లగా పొలుసు కట్టాయి. నీళ్లు తీసుకెళ్లి చేతికిస్తే, "దాహం నేదండీ" అని బల్ల మీద పెట్టేసింది. డాక్టరమ్మ వరండాలో చెప్పిన మాట నా చెవుల్లో గింగురుమంటోంది. కాలు కాలిన పిల్లిలా ఇంట్లో తిరిగాను.

నాలుగో రోజు కాగితం తీసి రెండు బండ్లనూ పక్కపక్కన రాశాను. బరువు, బ్రేకు, కప్పు, ట్యాంకు, తుప్పు, అన్నీ. కొత్తది అన్నిటిలోనూ మేలు. అయినా ఆ వరసంతా కొట్టేసి, కింద ఒకటే మాట రాశాను. పాతదాన్లో నడుస్తుండగా వెళ్లొచ్చు. ఇంక నా కాలుతో, నా బుర్రతో పని లేదు. నేను ఆపినా ఆపకపోయినా ఆమెకు ఆ గతి మళ్లీ పట్టదు. చేసిన తప్పుకు ఇదే ప్రాయశ్చిత్తం అనుకున్నాను. కాగితం ఆమెకు చదివి వినిపించాను. చివరిదాకా విని, "తిఫ్రా ఎల్దాం" అంది. ఒప్పుకుందనుకున్నాను.

షెడ్డులో యజమానితో "పాతది ఖాయం. తుప్పు బాగు చేసి ఇవ్వు" అన్నాను.

"కాదు. కొత్తది," అంది నా భార్య వెనక నుంచి.

నేను తిరిగి చూశాను. "ఏటే, మతి పోనాదా? దాన్లో ఏటైందో మర్చిపోయావా?"

"ఎలా మర్చిపోతాను. సీటు కడిగింది నేనే కదా."

యజమానికి తెలుగు రాదు గానీ గొంతులు అర్థమయ్యాయి. చాయ్ చెప్పొస్తానని షెడ్డు బయటికి వెళ్లిపోయాడు.

"పాతదాన్లో అయితే బండి నడుస్తున్నా నువ్వు లోపలికి ఎల్లిపోవచ్చు. నన్ను అడగక్కర్లేదు," అన్నాను. బతిమాలుతున్నట్టే అన్నాను.

"అదేనండీ నేను చెప్తన్నది," అంది. "నేను ఎనకాల తలుపేసుకుని, గోడలకి గుద్దుకుంటూ నా పాట్లు నేను పడతాను. మీరు ముందు కూకుని తోలుకుంటూ పోతారు. నాకేటవుతందో మీకు తెలీనే తెల్దు. బొబ్బిలి దాకా ఎక్కడా ఆగరు. ఇన్నేళ్లూ క్వార్టర్లో అయింది అదే కదా. పిల్లలకి జ్వరాలొచ్చినా, మా అమ్మ పోయినా, నాకు ఒంట్లో బాగు లేకపోయినా, మీరు డ్యూటీలోనే ఉన్నారు. నేనే తలుపేసుకుని సూసుకున్నాను. అప్పుడు అది మీ ఉద్యోగం. ఇప్పుడు ఏటది?"

పాతదాని మీద ఆనించిన చెయ్యి తీసేశాను.

"ఈ కొత్తది ఆగితే గానీ తెరుచుకోదు," అంది. "నేను అడిగితే మీరు ఆపాల. అందుకే నాకిది కావాల. బాత్రూమ్ ఇంట్లోనూ ఉన్నాది. నాకు బాత్రూమ్ కోసం కాదు ఈ బండి."

"మళ్లీ ఆపలేకపోతే?" అన్నాను. ఆ మాట అడగడానికి నాకు చాలా సిగ్గు వేసింది. కానీ అది నిజమైన భయం. నా కాలు ఏం చేస్తుందో నాకే నమ్మకం లేదు.

"అప్పుడు నేను ఎక్కడున్నా దిగిపోయి ఇంటికొచ్చీస్తాను. మళ్లీ మీతో ఎక్కడికీ రాను. ఇవాళే తేల్చీసుకుందాం, పదండి. అదే రోడ్డు."

చాయ్ వచ్చింది. ఆమె తన కప్పు తాగింది. యజమానిని అడిగి షెడ్డు మూల ఉన్న కుండలోంచి రెండు గ్లాసుల నీళ్లు ముంచుకుని, నా ఎదురుగా నిలబడి తాగింది. గుక్కా అరగుక్కా తప్ప, నాలుగు రోజుల తరువాత ఆమె గొంతు దిగిన నీళ్లు అవి. నేను తాళాలు తీసుకున్నాను.

బైపాస్ దాటాం. మస్తూరీ రోడ్డు ఎక్కాం. నేను రోడ్డు కంటే ఆమెనే ఎక్కువ చూస్తున్నానని గదిమింది. కాసేపటికి "ఆపీండి" అంది. వెనక లారీ ఉంది. పక్కన బురద ఉంది. మధ్య దారి. ఎడమ లైటు వేసి, స్టీరింగ్ తిప్పి, బురదలోకే దింపి ఆపేశాను. లారీవాడు కిటికీలోంచి తల బయట పెట్టి మా వంశాన్నంతా తిట్టుకుంటూ పోయాడు. కప్పు లేచింది, తెర దిగింది. ఆమె లోపలికి వెళ్లింది. నేను స్టీరింగ్ మీద తల పెట్టుకుని కూర్చున్నాను. తిరిగి వచ్చి తన సీట్లో కూర్చున్నాక చీర కుచ్చిళ్లు సర్దుకుంది. పొడిగా ఉన్నాయి.

మళ్లీ బయలుదేరి ఎంతో దూరం పోలేదు. ఒక కల్వర్టు దగ్గర, రోడ్డు సన్నగా ఉన్న చోట, "ఆపీండి" అంది. ఆపాను. ఇంజన్ కట్టేసి, మీట నొక్కాను. కప్పు పూర్తిగా లేచింది. ఆమె లేవలేదు.

"ఏటే, ఎల్లవా?"

"నాకేటీ రానేదు," అంది. "ఊరికే ఆపమన్నాను."

నాకు కోపం రావాలి. కారణం లేకుండా దారి మధ్యలో బండి ఆపడం నా జీవితంలో అదే మొదటిసారి. కోపం రాలేదు, ఏడుపు వచ్చింది. ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాను. వెనక ఒక లారీ వచ్చి ఆగింది, దాని వెనక ఇంకొకటి. హారన్లు మొదలయ్యాయి. నా చెయ్యి దానంతటదే ఇంజన్ తాళం మీదికి పోయింది.

"హారన్లు కొట్టనీండి," అంది ఆమె.